ఇంటి భయాలన్నీ ఆమె కొంగుకే

మృగశిర కార్తె ప్రవేశించే రోజున నాంపల్లి స్టేషన్లో రైలు దిగినవాళ్లలో చాలామంది దారి అడగరు. ముందు నడిచేవాళ్ల వెంట నడిస్తే ఎగ్జిబిషన్ మైదానం వచ్చేస్తుంది. చంకలో బిడ్డ, భుజాన దుప్పటి, చేతిలో టిఫిన్ డబ్బా. మైదానంలోకి వెళ్లాక ఇంకో చేతిలో నీళ్లు పోసిన పాలిథిన్ సంచి, అందులో మెదులుతున్న కొర్రమీను పిల్ల. లోపల బారికేడ్ల మధ్య గంటల తరబడి నిలబడాలి. తమ వంతు వచ్చాక బత్తిని గౌడ్ కుటుంబీకులు పసుపు రంగు మందు ముద్దను ఆ చేపపిల్ల నోట్లో కుక్కి, బతికున్న చేపను బిడ్డ గొంతులో వేస్తారు. శాకాహారులకైతే బెల్లంలో పెట్టి ఇస్తారు. ఉబ్బసం పోతుందని నమ్మకం. వరుసగా మూడేళ్లు రావాలి, తిన్నాక 45 రోజులు పథ్యం చేయాలి. 1845లో ఒక సాధువు తమ పూర్వీకుడికి ఈ మందు చెప్పాడని, డబ్బు తీసుకుంటే గుణం పోతుందన్నాడని ఆ కుటుంబం చెబుతుంది. ఇప్పటికీ వాళ్లు రూపాయి తీసుకోరు. పాతబస్తీలోని దూద్‌బౌలి ఇంటి ముందు మొదలైన ఈ పంపిణీకి జనం పెరగడంతో నాంపల్లి మైదానం వేదికైంది. మత్స్యశాఖ చేపపిల్లలను తెస్తుంది, పోలీసులు క్యూలు చూస్తారు. కరోనా కాలంలో ఆగినా 2023 జూన్‌లో మళ్లీ మొదలైంది.

జన విజ్ఞాన వేదిక, హేతువాద సంఘాలు దీని మీద ఏళ్ల తరబడి పోరాడాయి, కోర్టు దాకా వెళ్లాయి. ఒకప్పటి ‘చేప మందు’ ఇప్పుడు ‘చేప ప్రసాదం’ అయింది. పేరు మారినా క్యూ తగ్గలేదు.

ఆ క్యూలో మగవాళ్లూ ఉంటారు. ఆయాసంతో వంగిపోయిన పెద్దవాళ్లు సొంతంగా వస్తారు. బిడ్డను ఎత్తుకుని వచ్చింది మాత్రం ఎక్కువగా తల్లి, లేకపోతే అమ్మమ్మ. ఎందుకొచ్చారని అడిగితే చాలామంది నోట వచ్చే మాట ఒకటే: “చేస్తే ఏం పోతది?” అర్ధరాత్రి పిల్ల ఛాతీ పిల్లికూతలు పెడుతుంటే వీపు నిమురుతూ తెల్లవారేదాకా కూర్చున్నది ఆమె. డాక్టరు రాసిన ఇన్‌హేలర్ వాడితే “అలవాటైపోతుంది”, “రేపు పెళ్లివాళ్లకు తెలిస్తే ఎట్లా” అని అత్తగారి ఇంట్లో అడ్డు తగిలిన మాటలన్నీ విన్నది ఆమె. పిల్లకు తగ్గకపోతే “తల్లి సరిగ్గా చూసుకోలేదు” అన్న నింద పడేదీ ఆమె మీదే. ఆ బరువుతో వచ్చిన మనిషికి “చేస్తే ఏం పోతది?” అన్నది అజ్ఞానంలోంచి పుట్టిన మాటలా నాకు వినిపించదు. తన చేతిలో ఉన్నదంతా చేశానని నలుగురి ముందు చూపించుకోవలసిన మనిషి మాట అది.

అయితే పోయేది ఉంది, అదీ చెప్పాలి. ఉబ్బసం ఒక్కతీరుగా ఉండే జబ్బు కాదు. కొన్నాళ్లు ముదురుతుంది, కొన్నాళ్లు తనంతట తానే సద్దుమణుగుతుంది. పిల్లల్లో చాలామందికి వయసు పెరిగేకొద్దీ తగ్గుతుంది కూడా. జబ్బు బాగా ముదిరినప్పుడే ఎవరైనా నాంపల్లికి పరుగెత్తేది. ఆ తర్వాత ఎటూ రావలసిన తగ్గుదల వస్తే పేరు చేపకు దక్కుతుంది. తగ్గిందన్న ధీమాతో ఇన్‌హేలర్ పక్కన పెడితే వచ్చే చలికాలంలో బిడ్డ ఊపిరి నిజంగా ఆగే ప్రమాదం ఉంది. ఇక ఆయాసంతో ఉన్న పసిబిడ్డ గొంతులో కదిలే చేపను వేయడం ఎంత ప్రమాదమో తల్లికి ముందుగా చెప్పే మనిషి ఆ క్యూలో లేడు.

ఆ మైదానం ఆవరణలోనే సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ ఉంది, ఆడపిల్లల కోసం కమలా నెహ్రూ పాలిటెక్నిక్ ఉంది. 1938లో ఉస్మానియా పట్టభద్రులు పబ్లిక్ గార్డెన్స్‌లో నుమాయిష్ అనే ప్రదర్శన మొదలుపెట్టారు. 1946లో అది ఈ మైదానానికి వచ్చింది. టికెట్ల మీదా దుకాణాల మీదా వచ్చిన ఆదాయంతో ఎగ్జిబిషన్ సొసైటీ విద్యాసంస్థలు నడుపుతోంది. అంటే నగరం గాజులూ చెప్పులూ కొనుక్కున్న డబ్బుతో తెలుగు ఆడపిల్లలు ఇక్కడ సైన్సు చదువుకున్నారు. ఇంతకంటే మంచి పని ఈ నగరంలో తక్కువ జరిగింది. మరి చదువు వచ్చాక భయం పోవాలి కదా! పోలేదు. డిగ్రీ ఉన్న కోడలూ గ్రహణం నాడు కత్తిపీట ముట్టదు. మైక్రోబయాలజీ చదివిన అమ్మాయికీ పెళ్లిచూపులప్పుడు కుజదోషం లెక్క చూస్తారు. చదువు ఆమెకు జ్ఞానం ఇచ్చింది, ఇంట్లో నిర్ణయం తీసుకునే అధికారం ఇవ్వలేదు. ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీలోనే మూఢనమ్మకం కాపురం పెడుతుంది.

చేతిలో లేనిదే భయపెడుతుంది

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బ్రొనిస్లావ్ మాలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త పసిఫిక్ సముద్రంలోని ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉండి అక్కడి జాలరులను గమనించాడు. లోతు తక్కువ ఉన్న ఉప్పుటేట్లో చేపలు పట్టేటప్పుడు వాళ్లు ఏ మంత్రమూ చదవరు, తమ నేర్పు మీదే ఆధారపడతారు. పెద్ద సముద్రంలోకి వెళ్లేటప్పుడు మాత్రం విస్తారమైన తంతు చేస్తారు. మనుషులు వాళ్లే, తెలివీ అదే. ఫలితం తమ చేతిలో లేని చోటే మంత్రం కావాల్సి వచ్చింది.

మన ఇళ్లలో పెద్ద సముద్రం మీదకు వెళ్లేది ఎవరు? ఇల్లాలే. భర్త ఆయుష్షు, పిల్లల ఆరోగ్యం, మగబిడ్డ పుట్టుక, ఇంటి సిరి, ఆఖరికి వర్షం పడటం కూడా. వీటిలో ఒక్కటీ ఆమె చేతిలో లేదు. అన్నింటికీ జవాబుదారీ మాత్రం ఆమే. భర్త రోడ్డు ప్రమాదంలో పోతే ఆమె మాంగల్యబలం చాలలేదంటారు. కోడలు అడుగుపెట్టిన ఏడాదే మామగారి వ్యాపారం దెబ్బతింటే ఆ అమ్మాయి కాలు మంచిది కాదంటారు. ఆ దుకాణానికి అప్పులు చేసినవాడి కాలు గురించి ఎవరూ మాట్లాడరు.

మగపిల్లల సంగతే చూడండి. 1905లో నెట్టీ స్టీవెన్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త పిండిపురుగులను పరిశీలించి, సంతానం ఆడా మగా అన్నది తండ్రి వైపు నుంచి వచ్చే క్రోమోజోమే నిర్ణయిస్తుందని చూపించింది. ఆ రహస్యం విప్పింది ఒక స్త్రీ. మన పదో తరగతి పుస్తకంలోకి కూడా ఆ పాఠం వచ్చేసింది. అయినా వరుసగా ముగ్గురు ఆడపిల్లలు పుడితే ముడుపులు కట్టేదీ, ఉపవాసాలు ఉండేదీ, పుట్టల్లో పాలు పోసేదీ తల్లే. ఆమె నమ్మకాన్ని వెక్కిరించేవాళ్లు, ఆ నేరాన్ని ఆమె మీద మోపినవాళ్లను ఎందుకు ఏమీ అనరో నాకు అర్థం కాదు.

రెడ్‌హిల్స్‌లోని నిలోఫర్ ఆసుపత్రికి వెళ్తే ఈ విషయం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఏడో నిజాం కోడలు నిలోఫర్ తన పనిమనిషి ప్రసవంలో చనిపోవడం చూసి చలించిపోయిందనీ, ఈ ఆసుపత్రి ఆ దుఃఖంలోంచి పుట్టిందనీ నగర చరిత్ర చెబుతుంది. 1953 నుంచి తెలంగాణ నలుమూలల తల్లులు బిడ్డలను ఎత్తుకుని ఇక్కడికే వస్తున్నారు. మంచం మీది బిడ్డ చేతికి ఒక పక్క సెలైన్ సూది, అదే మణికట్టుకు నల్ల దారం. మెడలో తాయెత్తు, నుదుట ఆంజనేయస్వామి సింధూరం, అరికాలికి కాటుక చుక్క. డాక్టర్లలో కొందరు ఇది చూసి విసుక్కుంటారు. నేను మాత్రం ఆ సూది కూడా ఉంది కదా అంటాను. దారం కట్టిన తల్లే బస్సు మారి, అప్పు చేసి, బిడ్డను ఆసుపత్రికి తెచ్చింది. ఆమె వైద్యాన్ని కాదనలేదు. వైద్యం ఎంతవరకు పనిచేస్తుందో ఆమెకు అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేదు కాబట్టి మిగిలిన భాగాన్ని దారంతో నింపుకుంది. రౌండ్లలో ఆమెతో కూర్చుని ఐదు నిమిషాలు మాట్లాడే నర్సు ఉంటే ఆ దారం చాలావరకు బలం కోల్పోతుంది.

అక్కడికి కాస్త దూరంలో యూసుఫైన్ దర్గా. ఔరంగజేబు సైన్యంతో దక్కనుకు వచ్చారని చెప్పే యూసుఫ్ బాబా, షరీఫ్ బాబాల సమాధులు అక్కడ పక్కపక్కనే ఉంటాయి. ఉర్దూ మహాకవులు దాగ్ దెహల్వీ, అమీర్ మీనాయీ కూడా ఆ ప్రాంగణంలోనే నిద్రిస్తున్నారు. గురువారం సాయంత్రం అక్కడికి బురఖాల్లో వచ్చే ఆడవాళ్లతో పాటు బొట్టు పెట్టుకున్న ఆడవాళ్లూ వస్తారు. పూల చాదరు, అగరుబత్తి, జాలీకి కట్టే దారం. ఈ దృశ్యాన్ని మూఢనమ్మకాల జాబితాలో పడేయడానికి నాకు మనసొప్పదు. వారంలో ఆరు రోజులు ఇల్లు దాటని ఇల్లాలికి ఎవరి అనుమతీ పెద్దగా అడగనక్కరలేకుండా దొరికే రెండు గంటలు అవి. గుడికీ దర్గాకూ వెళ్తానంటే ఏ మగవాడూ కాదనడు. స్నేహితురాలిని చూడటానికి వెళ్తానంటే కాదంటాడు. ఆ ప్రాంగణంలో కూర్చుని పక్కామెతో మనసు విప్పుకునే ఆ కాసేపు ఆమెకు మందులా పనిచేస్తుంది. ఆ మాటల్లోనే “ఫలానా బాబా దగ్గరికి వెళ్లు, పదివేలకు నరదిష్టి తీస్తాడు” అన్న సలహా కూడా ఆమె చెవిన పడుతుంది. ఆపవలసింది ఆ పదివేలను, ఆ రెండు గంటలను కాదు.

మూసీకి చీర, మశూచికి బోనం

1908 సెప్టెంబరు 28న మూసీ ఉప్పొంగి నగరాన్ని ముంచేసింది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పండితుల సలహా మీద నది ఒడ్డుకు వెళ్లి చీర, గాజులు, పసుపు కుంకుమ సమర్పించాడని హైదరాబాద్ ఇప్పటికీ చెప్పుకుంటుంది. రాజ్యమేలే మగవాడే, చేతిలో ఏమీ లేనప్పుడు నదిని ఆడదానిగా భావించి సారె పెట్టాడన్నమాట. ఆ తర్వాత ఇంజినీరు విశ్వేశ్వరయ్యను పిలిపించారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. జలాశయాలు నిలిచాక వరద భయంతో మూసీకి చీర పెట్టాల్సిన అవసరం ఏ పాలకుడికీ రాలేదు.

బోనాల కథ కూడా ఇలాంటిదే. 1813 ప్రాంతంలో మహమ్మారి జనాన్ని పొట్టన పెట్టుకుంటున్నప్పుడు ఉజ్జయినిలో ఉన్న సైనికోద్యోగి సురిటి అప్పయ్య మొక్కిన మొక్కుతో సికింద్రాబాద్ మహంకాళి గుడి వెలిసిందని చెబుతారు. కలరా, మశూచి అమ్మవారి ఆగ్రహాలు. అమ్మవారు పోస్తే వేపాకులు పరచాలి, పోపు వేయకూడదు, డాక్టరు ఇంటి గడప తొక్కకూడదు. ఆ నియమాలన్నీ ఇంటి ఆడవాళ్లే మోశారు. 1975లో దేశంలో చివరి మశూచి కేసు నమోదైంది, 1977లో భారతదేశం మశూచి నుంచి విముక్తి పొందినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఇప్పుడు బోనం ఎత్తుకునే ఆడవాళ్ల ముఖంలో భయం వెతికినా కనిపించదు. కొత్త చీర, డప్పు, ఆడబిడ్డల కలయిక, పోతరాజు వీరంగం. పండగ మిగిలింది, భయం వెళ్లిపోయింది. ఎవరూ ఆ తల్లులకు ఉపన్యాసం ఇవ్వలేదు. టీకా ఇచ్చారు.

బోనాల మర్నాడు మహంకాళి గుడిలో జరిగే రంగం గురించి కూడా ఒక మాట. పచ్చికుండ మీద నిలబడి ఒక పేద స్త్రీ భవిష్యవాణి వినిపిస్తుంటే మంత్రులూ అధికారులూ చేతులు కట్టుకుని వింటారు. వానలు పడతాయో లేదో, పిల్లలు బాగుంటారో లేదో చెబుతుంది, నాకు జరగాల్సిన మర్యాద ఎందుకు జరగలేదు అని గద్దిస్తుంది. పూనకం లేని రోజున అదే స్త్రీ రేషన్ కార్డు కోసం వెళ్తే కౌంటర్ దగ్గర ఆమె మాట ఎవరు వింటారు? ఊళ్లలో కోడళ్లకు పూనకాలు ఎందుకొస్తాయో ఇక్కడ కొంత అర్థమవుతుంది. తన నోటితో అనలేని మాట అమ్మవారి నోటితో అంటే అత్త కూడా దణ్ణం పెడుతుంది. కొందరిలో అది తీవ్రమైన మానసిక అనారోగ్యం కావచ్చు. అప్పుడు ఆమెను తీసుకెళ్లాల్సింది ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి. తీసుకెళ్లేది మాత్రం వేపమండలతో కొట్టే భూతవైద్యుడి దగ్గరికి.

తలుపు మీద రాసిన మాట

1990ల్లో మన ఊళ్లలో, హైదరాబాద్ బస్తీల్లో ఇంటింటి తలుపు మీద సుద్దతో “ఓ స్త్రీ రేపు రా” అని రాసుకున్న రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. రాత్రిళ్లు ఒక దెయ్యం తలుపు తడుతుందని, తీస్తే ఇంటి మగవాడు చస్తాడని వదంతి. రాసింది ఇంటి ఆడవాళ్లు, కాపాడుకోవాల్సింది మగవాళ్లను, చంపడానికి వచ్చేది మళ్లీ ఒక ఆడదే. అప్పుడు వాట్సాప్ లేదు, ఫోన్లు కూడా ఎక్కడో గానీ లేవు. అయినా భయం ఊరూరా పాకింది. కొన్నేళ్ల కింద ఒక సంక్రాంతికి తెలంగాణలో ఇంకో వదంతి పుట్టింది. ఈ పండక్కి కీడు ఉందట, ఒక్క కొడుకు ఉన్న తల్లి ఇద్దరు కొడుకులున్న తల్లి చేత గాజులు వేయించుకోవాలట. గాజుల దుకాణాల ముందు ఆడవాళ్లు బారులు తీరారు. ఒక్క కూతురు ఉన్న తల్లికి ఏం చేయాలో ఆ వదంతి చెప్పలేదు. కూతురికి కీడు వస్తే అడ్డం వేయడానికి గాజులు అక్కర్లేదన్నమాట. ఈ వదంతులు ఎవరి ప్రాణానికి ఎంత విలువ కట్టాయో చూస్తే బాధ కలుగుతుంది.

భయాన్ని పంచే పనిలో మా పత్రికల పాత్ర కూడా ఉంది. 1906లో ఇదే హైదరాబాద్‌లో కొమర్రాజు లక్ష్మణరావు, మిత్రులు విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి తెలుగులో చరిత్ర, విజ్ఞానశాస్త్ర గ్రంథాలు అచ్చు వేయించారు. అంతకు ఐదేళ్ల ముందు పుట్టిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం గ్రంథాలయం సుల్తాన్ బజార్‌లో ఇప్పటికీ ఉంది. లక్ష్మణరావు అక్క భండారు అచ్చమాంబ ఆడవాళ్లు పుట్టుకతోనే తెలివి తక్కువ వాళ్లన్న వాదాన్ని ఆ రోజుల్లోనే కలంతో ఎదుర్కొన్నారు. ఆ వారసత్వం ఉన్న తెలుగులోనే 1980ల మొదట్లో వారపత్రికలు ఆడపాఠకులకు క్షుద్రవిద్యల సీరియళ్లు అందించాయి. యండమూరి నవల ‘తులసిదళం’ను ఇంటింటా చదివారు, కాష్మోరా అనే క్షుద్రశక్తి పేరు పసిపిల్లలకు కూడా తెలిసింది. రచయిత్రి రంగనాయకమ్మ ఆ ధోరణిని ఎండగడుతూ ఒక పుస్తకమే రాశారు. ఆ తర్వాత టీవీ వచ్చింది. పొద్దున ఆడవాళ్లు వంటింట్లో ఉండే వేళకు సరిగ్గా జ్యోతిష్యులు, రంగురాళ్లవాళ్లు, యంత్రాలు అమ్మేవాళ్లు తెర మీదకు వస్తారు. మధ్యాహ్నం సీరియల్‌లో అత్త నిమ్మకాయ కోస్తుంది. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల్లో నాకు స్త్రీల ఆరోగ్యం మీద మంచి తెలుగు పుస్తకాలు అప్పుడప్పుడూ దొరుకుతాయి. వాటి పక్కనే బల్లిశాస్త్రం, స్వప్నఫలాలు ఎప్పుడూ ఉంటాయి. పత్రికల ఆదివారం అనుబంధాల్లో వారఫలాలు వేస్తున్నంత కాలం మేము పూర్తిగా చేతులు కడుక్కోలేం.

మగవాళ్ల విషయం చెప్పకుండా ఈ కథనం పూర్తి కాదు. శనివారం పొద్దున ఆబిడ్స్ నుంచి మొజంజాహీ మార్కెట్ దాకా నడిస్తే షట్టరు షట్టరుకూ కొత్త నిమ్మకాయ, పచ్చిమిరపకాయల దండ కనిపిస్తుంది. గుమ్మాలకు బూడిద గుమ్మడికాయలు వేలాడతాయి. ఆ దుకాణాల యజమానుల్లో అత్యధికులు మగవాళ్లు. వాస్తు కోసం ఇంటి మెట్లు పడగొట్టించేది, ముహూర్తం చూసి నామినేషన్ వేసేది మగవాళ్లే. రాకెట్ ఎగరబోయే ముందు దాని నమూనాను తిరుమల శ్రీవారి పాదాల దగ్గర పెట్టడం మన శాస్త్రవేత్తల ఆనవాయితీ. దానికి సంప్రదాయం అని పేరు. ఇల్లాలు బిడ్డకు దిష్టి తీస్తే మూఢనమ్మకం. ఈ తేడాను మనం మానుకోవాలి.

కడుపుతో ఉన్న మనిషిని ఆకలితో ఉంచి

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది గ్రహణం. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం తెలంగాణ మీదుగా సాగింది. హైదరాబాద్‌కు దగ్గర్లో ఉన్న జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు దుర్భిణులు సిద్ధం చేసుకున్నారు. అదే మధ్యాహ్నం నగరాల్లో వీధులు నిర్మానుష్యమయ్యాయి. జనాన్ని ఇళ్లలో ఉంచడానికి దూరదర్శన్ హిందీ సినిమా వేసింది. ఆ రోజు తలుపులు, కిటికీలు మూసుకుని, కదలకుండా, తినకుండా, మంచినీళ్లు కూడా తాగకుండా వెల్లకిలా పడుకున్న గర్భిణులు ఎందరో. ఈనాటికీ ఆ ఆచారం చెక్కుచెదరలేదు. 2022 అక్టోబరు 25న దీపావళి మర్నాడు పాక్షిక గ్రహణం పట్టినప్పుడు కూడా ఎన్నో ఇళ్లలో ఇదే జరిగింది.

బిడ్డకు గ్రహణం మొర్రి వస్తుందన్న భయం దీనికి మూలం. లోకంలో పుట్టే ప్రతి 700 మంది పిల్లల్లో ఇంచుమించు ఒకరు ఈ లోపంతో పుడతారు, గ్రహణం కనిపించిన దేశంలోనూ కనిపించని దేశంలోనూ. పై పెదవి అతుక్కునేది గర్భం దాల్చిన నాలుగు నుంచి ఏడు వారాల మధ్య. ఆ సమయానికి చాలామంది స్త్రీలకు తాము గర్భవతులమన్న సంగతి కూడా ఖాయంగా తెలియదు. ఏడో నెల కడుపుతో ఉన్న అమ్మాయిని గదిలో పెట్టి తాళం వేస్తే ఎప్పుడో ఏర్పడిన పెదవి మారదు. ఫోలిక్ యాసిడ్ లోపం, పొగాకు, కొన్ని రకాల మందులు, వంశపారంపర్యం కారణాలుగా డాక్టర్లు చెబుతారు. మొర్రి ఉన్న బిడ్డకు తొలి నెలల్లోనే శస్త్రచికిత్స చేసి పెదవి సరిచేస్తారు. కానీ ఆ బిడ్డ తల్లిని మన సమాజం జీవితాంతం అడుగుతుంది: గ్రహణం నాడు ఏం కోశావు, ఎటు తిరిగి పడుకున్నావు అని. ఆ ప్రశ్న బిడ్డ పెదవి మీది గాయం కంటే ఎక్కువ కాలం ఉంటుంది.

విజయవాడ నాస్తిక కేంద్రం గోరా గారి భార్య సరస్వతీ గోరా కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం వేళ కావాలనే బయట తిరిగారు. ఆమె పక్కన భర్త నిలబడ్డాడు. మన ఇళ్లలో ధైర్యం చేయాలనుకునే అమ్మాయి పక్కన ఎవరున్నారు? బిడ్డకు ఏ చిన్న తేడా వచ్చినా నిందంతా తనదేనని తెలిసినప్పుడు ఏ తల్లి అయినా ఎందుకు తెగిస్తుంది? ఆ భయాన్ని కోడలి నెత్తిన పెట్టే అత్తగారు కూడా ఒకప్పుడు అదే గదిలో అదే ఆకలితో పడుకున్న కోడలే.

చట్టం సంగతి. 1954 నాటి ఔషధాలు, మాంత్రిక చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం తాయెత్తులు, మంత్రాలు, కవచాలను పేరు పెట్టి మరీ మాంత్రిక చికిత్సల్లో చేర్చింది. వాటితో రుతుసమస్యలు, సంతానలేమి తగ్గుతాయని ప్రకటించడాన్ని నిషేధించింది. డెబ్బై ఏళ్లు దాటిన ఆ చట్టాన్ని అమలు చేస్తే పొద్దుటి టీవీ కార్యక్రమాలు సగం ఆగిపోవాలి. హేతువాది నరేంద్ర దభోల్కర్ హత్య తర్వాత 2013లో మహారాష్ట్ర, 2017లో కర్ణాటక మూఢాచారాల మీద ప్రత్యేక చట్టాలు చేశాయి. తెలంగాణకు అలాంటి చట్టం లేదు. చేతబడి అనుమానంతో 2020 నవంబరులో జగిత్యాల జిల్లాలో ఒక యువకుడిని సజీవంగా తగలబెట్టారు. 2021 జనవరిలో మదనపల్లెలో ఉన్నత విద్యావంతులైన తల్లిదండ్రుల చేతుల్లోనే ఇద్దరు ఆడపిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. చట్టం చేయాల్సిన అసెంబ్లీ భవనం నాంపల్లికి కూతవేటు దూరంలోనే ఉంది. హైదరాబాద్‌లో ఎన్నో ఏళ్లు స్త్రీల కోసం, హేతువాదం కోసం పనిచేసిన మల్లాది సుబ్బమ్మ 2014లో వెళ్లిపోయారు. ఇలాంటి చట్టం కావాలని ఆమె తరం చేసిన డిమాండును ఈ తరం శాసనసభ్యులు, ముఖ్యంగా మహిళా శాసనసభ్యులు, సభలో పెట్టాలి. చట్టంతో పాటు ఆశా కార్యకర్తకు గ్రహణం, ముట్టు, మొర్రి, ఉబ్బసం గురించి మాట్లాడే శిక్షణ ఇవ్వాలి. మృగశిర రోజున మైదానం గేటు దగ్గర ప్రభుత్వమే ఒక ఛాతీ వైద్యుల శిబిరం పెట్టి, క్యూలో ఉన్న ప్రతి తల్లికీ ఇన్‌హేలర్ ఎలా వాడాలో చూపించాలి. చేపపిల్లలు సరఫరా చేయగలిగిన ప్రభుత్వానికి అది కష్టం కాదు.

2027 ఆగస్టు 2, సోమవారం సాయంత్రం హైదరాబాద్‌లో పాక్షిక సూర్యగ్రహణం కనిపిస్తుంది. ఆ రోజు మీ ఇంట్లో కోడలో కూతురో గర్భంతో ఉంటే, అత్తగారైనా మామగారైనా భర్తైనా, ముందు మీరు ఆమెకు వేళకు అన్నం పెట్టండి, నీళ్లు ఇవ్వండి, డాక్టరు రాసిన మాత్ర మింగించండి. ఏదైనా అయితే ఎవరిది బాధ్యత అని చుట్టాలెవరైనా అడిగితే, మాది అని చెప్పండి.